పాప్ స్మియర్‌లో స్పష్టంగా తేలలేదంటే: నమూనా లోపమా, కణాల్లో తేడానా?

సంక్షిప్తంగా

గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ పరీక్షలో ‘ఫలితం తేలలేదు’ అని వచ్చిందంటే మూడింటిలో ఏదో ఒకటి జరిగి ఉండాలి. నమూనా చదవడానికి పనికిరాకపోయి ఉండవచ్చు. కణాలు చక్కగా కనిపించినా వాటి తీరు అటో ఇటో చెప్పలేనట్టు ఉండవచ్చు. లేదా హెచ్‌పీవీ (ఈ క్యాన్సర్‌కు కారణమయ్యే వైరస్) పరీక్షలో యంత్రం జవాబు ఇవ్వకపోయి ఉండవచ్చు. వీటిలో ఏదీ క్యాన్సర్ నిర్ధారణ కాదు, ఏదీ ‘నార్మల్’ కూడా కాదు. ఒక్కోదానికి తర్వాతి అడుగు వేరు. కొన్నిటికి మూడు నెలలు ఆగి మళ్లీ పరీక్ష, కొన్నిటికి హెచ్‌పీవీ పరీక్ష, కొన్నిటికి నేరుగా కాల్పోస్కోపీ (ముఖద్వారాన్ని పెద్దదిగా చూపే పరికరంతో చూడటం). గర్భసంచి తీసేయడం మాత్రం వీటిలో దేనికీ జవాబు కాదు.

రిపోర్టు ముందు ఎవరు చదువుతున్నారు?

హెల్త్ ప్యాకేజీలో భాగంగా పాప్ స్మియర్ చేయించుకున్నవారికి ఇప్పుడు రిపోర్టు నేరుగా ఫోనుకే వస్తోంది. డాక్టర్ చూడకముందే ఇంట్లోవాళ్లు చూస్తున్నారు, గూగుల్‌లో వెతుకుతున్నారు. అందులో ‘అన్‌శాటిస్ఫాక్టరీ ఫర్ ఎవాల్యుయేషన్’ అనో, ‘ఏఎస్‌సీ-యూఎస్’ అనో, ‘ఇన్‌ఫ్లమేటరీ స్మియర్’ అనో ఉంటుంది. అడుగున ‘క్లినికల్‌గా సరిపోల్చుకోవాలి’ అన్న వాక్యం ఎలాగూ ఉంటుంది. చదివినవారిలో కొందరు క్యాన్సరే అనుకుని బెంబేలెత్తుతారు. మరికొందరు ‘క్యాన్సర్ అని రాయలేదు కదా’ అని ఫైల్లో పడేస్తారు. నష్టం రెండు వైపులా ఉంది. మన దగ్గర ఎక్కువ నష్టం రెండోవారికే.

గ్లోబోకాన్ 2022 అంచనాల ప్రకారం భారత్‌లో ఏటా సుమారు 1.27 లక్షల మందికి ఈ క్యాన్సర్ కొత్తగా బయటపడుతోంది, దాదాపు 80 వేల మంది చనిపోతున్నారు. 2019-21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చూస్తే 30-49 ఏళ్ల మహిళల్లో ఎప్పుడైనా ఒక్కసారి ఈ పరీక్ష చేయించుకున్నవారు 2 శాతం కూడా లేరు. రెండు తెలుగు రాష్ట్రాల్లో పరిస్థితి కాస్త మెరుగే అయినా 5 శాతం దాటలేదు. జీవితంలో ఒకే ఒక్కసారి జరిగే పరీక్ష కూడా తేలకుండా మిగిలిపోతే ఆ మహిళ పరీక్ష చేయించుకోనట్టే లెక్క.

ఇంకో విషయం కూడా గుర్తుపెట్టుకోవాలి. పాప్ స్మియర్ జబ్బును నిర్ధారించే పరీక్ష కాదు. ఏ బాధా లేనివారిలో ఎవరిని మరింత జాగ్రత్తగా చూడాలో ఏరి పెట్టే పరీక్ష. నిర్ధారణ బయాప్సీతోనే జరుగుతుంది. ఏరే పని కాబట్టే అటూ ఇటూ కాని ఫలితాలు ఈ పద్ధతిలోనే ఇమిడి ఉన్నాయి. అవి అసలు రాని ల్యాబ్ ఉందంటే అక్కడ అనుమానాలన్నిటినీ ‘నార్మల్’ గానో ‘అసాధారణం’ గానో నెట్టేస్తున్నారనే అనుకోవాలి.

నమూనా చాలనప్పుడు

స్పెక్యులమ్ పెట్టి ముఖద్వారం కనిపించేలా చేసి, స్పాచులాతోనో చిన్న బ్రష్‌తోనో దాని పై పొర కణాలను సేకరిస్తారు. పాత పద్ధతిలో ఆ కణాలను గాజు స్లైడు మీద పూసి వెంటనే 95 శాతం ఆల్కహాల్‌లో ముంచుతారు. లిక్విడ్ బేస్డ్ సైటాలజీ అనే కొత్త పద్ధతిలో బ్రష్‌ను ద్రవం ఉన్న సీసాలో ఆడించి, ఆ సీసాను ల్యాబ్‌కు పంపుతారు.

అన్నం ఉడికిందో లేదో ఒక మెతుకు పట్టి చూస్తే చాలు. ముఖద్వారం విషయంలో ఆ లెక్క కుదరదు. తేడా వచ్చిన కణాలు ఒక మూల చిన్న మచ్చలా ఉండవచ్చు, మిగతా అంతా మామూలుగానే ఉండవచ్చు. అందుకే కణాల సంఖ్యకు కనీస హద్దు పెట్టారు. పాప్ రిపోర్టులు రాయడానికి వాడే బెథెస్డా విధానం ప్రకారం పాత పద్ధతి స్లైడులో స్పష్టంగా కనిపించే స్క్వేమస్ (చదును) కణాలు 8,000 నుంచి 12,000 వరకు ఉండాలి. ద్రవ పద్ధతిలో 5,000 చాలు. అంతకు తగ్గితే నమూనా చాలనట్టే. కణాలు సరిపడా ఉన్నా వాటిలో 75 శాతానికి మించి రక్తం, చీము కణాల కింద మరుగున పడితే అదీ పనికిరాదు.

ఎందుకు చాలదు? నెలసరి రోజుల్లో తీస్తే రక్తం అడ్డొస్తుంది. ఇన్‌ఫెక్షన్ ఉంటే చీము కణాలు కమ్మేస్తాయి. స్పెక్యులమ్‌కు రాసే కొన్ని రకాల జెల్ ద్రవ పద్ధతిలో కణాలను సరిగా పట్టుబడనివ్వదు. ముట్లుడిగిన తర్వాత ఈస్ట్రోజెన్ తగ్గి పై పొర పలచబడి పొడిబారుతుంది, గీకినా తగినన్ని కణాలు రావు. ఇవన్నీ మహిళ శరీరానికీ సమయానికీ సంబంధించినవి. స్లైడును ఆల్కహాల్‌లో ముంచడం ఆలస్యమైతే కణాలు గాలికి ఆరిపోయి, కేంద్రకాలు ఉబ్బినట్టు, వివరాలు చెరిగినట్టు కనిపిస్తాయి. ఇది పూర్తిగా తీసినవారి లోపం. రద్దీగా ఉండే క్యాంపులో ఒకరి తర్వాత ఒకరికి స్లైడులు తీస్తున్నప్పుడు ఎక్కువగా జరిగేదీ ఇదే. రిపోర్టులో కారణం రాయడం ల్యాబ్ బాధ్యత. రాయకపోతే అడగవచ్చు, ఎందుకంటే రెండోసారి నమూనా ఎలా తీయాలన్నది ఆ కారణాన్ని బట్టే ఉంటుంది.

చాలని నమూనాలో ఒక్క అనుమానపు కణం కనిపించినా పాథాలజిస్టు దాన్ని ‘చాలదు’ అని వదిలేయకూడదు, కనిపించింది రాయాలి. ఆ లెక్కన ‘చాలదు’ అన్న రిపోర్టులో కనిపించినంత మేర తేడా ఏదీ లేదని అర్థం. ఇది కొంత ఊరటే గానీ భరోసా కాదు. కనిపించనిది ఎంతో తెలియదు కదా. అందుకే ఈ ఫలితాన్ని జరగని పరీక్షగానే లెక్కిస్తారు.

అమెరికా మార్గదర్శకాలు 2 నుంచి 4 నెలల్లో పరీక్ష మళ్లీ చేయమంటాయి, ఇంగ్లండ్‌లో 3 నెలలకు పిలుస్తారు. వెంటనే ఎందుకు చేయరన్న ప్రశ్నకు సాధారణంగా చెప్పే కారణం, గీకిన చోట పొర మళ్లీ పూర్తిగా పెరగాలని. పెరిగే దశలోని కణాలు కూడా అనుమానంగానే కనిపిస్తాయి. ఈలోగా ఇన్‌ఫెక్షన్ ఉంటే మందులు వాడతారు, ముట్లుడిగినవారికి కొన్ని వారాలు యోనిలో పూసే ఈస్ట్రోజెన్ క్రీము ఇస్తారు. వరుసగా రెండోసారీ చాలకపోతే మూడో స్లైడు తీయరు, కాల్పోస్కోపీకి పంపుతారు. అంటే ముఖద్వారాన్ని భూతద్దంలాంటి పరికరంతో నేరుగా చూస్తారు.

‘చాలదు’ అనిపించేవి, కానీ కానివి

మన రిపోర్టుల్లో తరచూ కనిపించే ‘ఇన్‌ఫ్లమేటరీ స్మియర్’ అసలు తేలని ఫలితమే కాదు. తాపం (ఇన్‌ఫ్లమేషన్) ఉంది, క్యాన్సర్ దిశగా మార్పులు లేవు అని దానర్థం. అదే రిపోర్టులో పైన ఎక్కడో ‘ఎన్‌ఐఎల్ఎం’ అని ఉంటుంది. క్యాన్సర్ గానీ దాని ముందు దశ గానీ కనిపించలేదని చెప్పే సంకేతం అది. చదివేవారి కళ్లు మాత్రం ‘ఇన్‌ఫ్లమేటరీ’ దగ్గరే ఆగుతాయి. తెల్లబట్ట, దురద, వాసన లాంటి బాధలు ఉంటే దానికి మందు వాడాలి. బాధ లేకపోతే చాలాసార్లు మందే అక్కర్లేదు. ఈ ఒక్క మాట కోసం యాంటీబయాటిక్ కోర్సుల మీద కోర్సులు వాడించడం ఇక్కడ పాత అలవాటు.

రెండోది ‘ఎండోసెర్వికల్ కణాలు కనిపించలేదు’. ముఖద్వారం వెలుపలి పొరలో చదును కణాలు ఉంటాయి, లోపలి కాలువలో స్తంభాకార కణాలు ఉంటాయి. రెండూ కలిసే చోటును ట్రాన్స్‌ఫర్మేషన్ జోన్ అంటారు. క్యాన్సర్‌లో ఎక్కువ భాగం పుట్టేది అక్కడే. ఆ చోటి కణాలు కనీసం 10 అయినా స్లైడులో ఉంటే బ్రష్ అక్కడిదాకా వెళ్లిందని రుజువు. లేకపోయినా మిగతా కణాలు సరిపడా ఉంటే నమూనా చెల్లుతుంది. 30 ఏళ్లు దాటినవారికి దానికి తోడుగా హెచ్‌పీవీ పరీక్ష చేయిస్తే ఆ లోటు తీరుతుంది. భయపడి నెల తిరక్కుండా మళ్లీ స్లైడు తీయించాల్సిన పనిలేదు.

కణాలు కనిపించాయి, తేడా తేలలేదు

ఏఎస్‌సీ-యూఎస్ వేరే కథ. ఇక్కడ నమూనా బాగుంది, పాథాలజిస్టు చూశారు, కొన్ని కణాలు మామూలుగా లేవు. కానీ హెచ్‌పీవీ వల్ల వచ్చే స్వల్ప మార్పు అని రాసేంత స్పష్టత లేదు. లెక్కలో చెప్పాలంటే, కేంద్రకం వైశాల్యం మామూలు ఇంటర్మీడియట్ (మధ్య పొర) కణం కేంద్రకానికి రెండున్నర నుంచి మూడు రెట్లు ఉంటుంది, అంచులు కొంచెం గరుకుగా, రంగు కొంచెం ముదురుగా ఉంటాయి. తాపం, పొడిబారడం, గాలికి ఆరిన స్లైడు, పుండు మానే దశ, అన్నీ ఇలాంటి రూపాన్నే తెస్తాయి. నిజమైన ముందు దశ కూడా తొలిరోజుల్లో ఇలాగే ఉంటుంది.

ఈ కోవ పుట్టుక వెనుక చరిత్ర ఉంది. జార్జ్ పాపనికొలావ్ 1940ల్లో ఈ పరీక్షకు రూపం ఇచ్చినప్పుడు ఫలితాలను ఒకటి నుంచి ఐదు తరగతులుగా రాసేవారు. కాలక్రమంలో ‘క్లాస్ 2’ అంటే ఒక ల్యాబ్‌లో తాపం, మరో ల్యాబ్‌లో అనుమానం అయింది. 1987లో అమెరికాలో పాప్ ల్యాబ్‌ల నిర్లక్ష్యంపై వచ్చిన పత్రికా పరిశోధన పెద్ద దుమారం రేపింది. మరుసటి ఏడాదే అక్కడ ల్యాబ్‌ల నియంత్రణకు చట్టం వచ్చింది. అదే 1988లో నేషనల్ క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్ మేరీల్యాండ్‌లోని బెథెస్డాలో నిపుణులను కూర్చోబెట్టి ఒకే భాషలో రిపోర్టు రాసే విధానం తెచ్చింది. 1991, 2001, 2014లో సవరించిన ఆ విధానాన్నే భారత్‌లోని ల్యాబ్‌లూ వాడుతున్నాయి.

ఒకే భాష వచ్చింది గానీ చదివే కళ్లు ఒకటి కాలేదు. అమెరికాలో ఆల్ట్స్ అనే పెద్ద అధ్యయనంలో, మొదట ఏఎస్‌సీ-యూఎస్‌గా చదివిన స్లైడులను మరో నిపుణుల బృందానికి చూపిస్తే 43 శాతం వాటిలోనే అదే మాట వచ్చింది. అంటే సగానికి పైగా స్లైడులు రెండో చదువులో మరో కోవలో పడ్డాయి. ఇది పాథాలజిస్టుల అసమర్థతేమీ కాదు. హద్దు మీద ఉన్నదాన్ని హద్దు మీద ఉందని రాయడానికే ఈ కోవ ఉంది. అతిగా వాడితే మాత్రం దానికి అర్థం పోతుంది. అందుకే ల్యాబ్ నాణ్యతకు ఒక కొలమానం పెట్టుకున్నారు: అనుమానం రాసిన రిపోర్టుల సంఖ్య, స్పష్టంగా మార్పులు రాసిన రిపోర్టులకు మూడు రెట్లు మించకూడదు.

మధ్యవర్తిగా హెచ్‌పీవీ పరీక్ష

కంటికి తేలని విషయాన్ని వైరస్ తేలుస్తుంది. ముఖద్వార క్యాన్సర్ దాదాపు ఎప్పుడూ హైరిస్క్ రకం హెచ్‌పీవీ దీర్ఘకాలం ఉండిపోవడం వల్లే వస్తుంది. 16, 18 రకాలు రెండే సుమారు 70 శాతం క్యాన్సర్లకు కారణం. వైరస్ లేకపోతే ఆ కణాల తేడాకు మరో కారణం ఉన్నట్టు. ఆల్ట్స్ అధ్యయనం చూపింది ఇదే. ఏఎస్‌సీ-యూఎస్ వచ్చిన మహిళలందరికీ హెచ్‌పీవీ పరీక్ష చేసి, పాజిటివ్ వచ్చిన 56 శాతం మందినే కాల్పోస్కోపీకి పంపినా తీవ్రమైన ముందు దశల్లో 96 శాతం దొరికాయి. మిగతా 44 శాతం మందికి కాల్పోస్కోపీ తప్పింది.

ఉత్తర కాలిఫోర్నియాలో కైజర్ పర్మనెంటే ఆరోగ్య సంస్థ పరిధిలోని 15 లక్షల మంది సమాచారం ఆధారంగా అమెరికా 2019లో మార్గదర్శకాలను మార్చింది. దాని ప్రకారం ఏఎస్‌సీ-యూఎస్‌తో పాటు హెచ్‌పీవీ ఉంటే, ఆ సమయానికి సీఐఎన్-3 (క్యాన్సర్‌కు ముందు దశల్లో అత్యంత తీవ్రమైనది) లేదా అంతకు మించిన దశ ఉండే అవకాశం 100కి నాలుగు పైచిలుకు. హెచ్‌పీవీ లేకపోతే 10 వేలకు నాలుగు. అక్కడ 4 శాతాన్ని గీతగా పెట్టుకున్నారు. గీత దాటితే కాల్పోస్కోపీ, దాటకపోతే వేచి చూడటం. హెచ్‌పీవీ లేని ఏఎస్‌సీ-యూఎస్‌కు మూడేళ్ల తర్వాత వస్తే చాలు.

ఈ అంకెలను ఇక్కడ యథాతథంగా వాడటంలో ఒక చిక్కుంది. అవి ఏళ్ల తరబడి క్రమం తప్పక పరీక్షలు చేయించుకుంటున్న మహిళల నుంచి వచ్చినవి. వారిలో పాత తేడాలు ఎప్పుడో దొరికి చికిత్స అయిపోయి ఉంటాయి. 45 ఏళ్ల వయసులో మొదటిసారి పరీక్షకు వచ్చిన మహబూబ్‌నగర్ మహిళకూ, పదో పరీక్షకు వచ్చిన కాలిఫోర్నియాలోని ఓక్లండ్ మహిళకూ ఒకే ఫలితం వచ్చినా వెనుక ఉన్న అవకాశం ఒకటి కాదు. మొదటిసారి పరీక్ష అయినప్పుడు, మళ్లీ రావడం అనుమానమైనప్పుడు ఇక్కడి గైనకాలజిస్టు కాస్త ముందే కాల్పోస్కోపీ చేద్దామంటే అది అతి జాగ్రత్తగా కొట్టిపారేయదగ్గది కాదు.

హెచ్‌పీవీ పాజిటివ్ అన్న మాట ఇళ్లలో వేరే గొడవ రేపుతుంది. వైరస్ ఎప్పుడు వచ్చిందో, ఎవరి నుంచి వచ్చిందో ఏ పరీక్షా చెప్పదు. లైంగిక జీవితం ఉన్నవారిలో చాలామందికి ఎప్పుడో ఒకప్పుడు సోకేదే, ఎక్కువమందిలో ఒకటి రెండేళ్లలో శరీరమే దాన్ని అణిచేస్తుంది. ఏళ్ల తరబడి కనపడకుండా ఉండి మళ్లీ బయటపడనూవచ్చు. ఈ ఫలితం ఎవరి నడవడికకూ సాక్ష్యం కాదు.

ఏఎస్‌సీ-హెచ్, ఏజీసీ: ఆగకూడనివి

ఏఎస్‌సీ-యూఎస్ పక్కనే, పేరు చివర మాత్రమే తేడాతో ఏఎస్‌సీ-హెచ్ ఉంటుంది. తీవ్రమైన మార్పును కాదనలేకపోతున్నామని దానర్థం. హెచ్‌పీవీ ఫలితం ఎలా ఉన్నా దీనికి కాల్పోస్కోపీ చేయాల్సిందే. ఏజీసీ అంటే గ్రంథి కణాల్లో తేడా. ఇది లోపలి కాలువ నుంచి గానీ గర్భాశయం లోపలి పొర నుంచి గానీ రావచ్చు కాబట్టి కాల్పోస్కోపీతో పాటు లోపలి నమూనా, 35 ఏళ్లు దాటితే గర్భాశయ పొర నమూనా కూడా తీస్తారు. ఈ రెండిటినీ ‘చిన్న అనుమానం’ లెక్కలో వేసి ఆరు నెలలు ఆగడం పొరపాటు.

క్యాంపుల్లో వీఐఏ: స్లైడు లేని అనుమానం

ప్రభుత్వ కార్యక్రమంలో ఎక్కువమంది చూసేది పాప్ స్మియర్ కాదు. 2016లో కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం 30-65 ఏళ్ల మహిళలకు అయిదేళ్లకోసారి వీఐఏ చేయాలి. ముఖద్వారం మీద పలచని ఎసిటిక్ యాసిడ్ రాసి, ఒక నిమిషం ఆగి, తెల్లబడిన మచ్చ ఉందేమో చూస్తారు. ఫలితం అక్కడికక్కడే వస్తుంది, ల్యాబ్ అక్కర్లేదు. తమిళనాడులోని దిండిగల్ జిల్లాలో జరిగిన అధ్యయనంలో ఈ పద్ధతి మరణాలను 35 శాతం తగ్గించింది. ముంబై బస్తీల్లో టాటా మెమోరియల్ ఆసుపత్రి శిక్షణ ఇచ్చిన ఆరోగ్య కార్యకర్తలతో చేయిస్తే 31 శాతం తగ్గాయి.

కానీ తాపం ఉన్నా తెల్లబడుతుంది, పొర మారే దశలో ఉన్నా తెల్లబడుతుంది. 50 దాటినవారిలో రెండు కణ పొరలూ కలిసే గీత కాలువ లోపలికి వెళ్లిపోతుంది. అది కనిపించనప్పుడు ‘నెగెటివ్’ అని రాయడం తప్పు, ‘ఈ పద్ధతిలో చూడలేం’ అని రాయాలి. వీఐఏలో తేలని ఫలితమంటే ఎక్కువగా ఇదే. ఆ మహిళకు హెచ్‌పీవీ పరీక్ష గానీ పాప్ గానీ చేయాలి. స్లైడు లేదు కాబట్టి రెండో నిపుణుడికి చూపించి అభిప్రాయం అడిగే వీలూ ఉండదు. చూసిన ఒక్కరి కళ్లే ఆధారం.

లండన్‌లో ఒక మాట, డాలస్‌లో ఒక మాట

విదేశాల్లోని తెలుగు మహిళలకు ఈ గందరగోళం మరోలా ఎదురవుతుంది. 2019 చివరికి ఇంగ్లండ్ మొత్తం హెచ్‌పీవీ పరీక్షను ముందుకు తెచ్చింది. ముందు వైరస్ చూస్తారు, ఉంటేనే కణాలు చూస్తారు. వైరస్ లేకుంటే ‘అనుమానపు కణాలు’ అన్న మాటే రాదు, ఎందుకంటే కణాలు చూడనేలేదు. వైరస్ ఉండి కణాలు బాగుంటే ఏడాదికి మళ్లీ పిలుస్తారు. నమూనా చాలకపోతే ‘ఇనడిక్వేట్’ అని రాసి 3 నెలలకు పిలుస్తారు. అక్కడ పాత స్లైడు పద్ధతి నడిచిన రోజుల్లో ఇలాంటివి 9 శాతం దాకా ఉండేవి, ద్రవ పద్ధతి వచ్చాక 3 శాతం లోపుకు దిగాయి. స్లైడు తయారీలో వచ్చే లోపాలు ఎంత పెద్ద వాటానో ఈ తగ్గుదలే చెబుతుంది.

అమెరికాలో 30 దాటినవారికి పాప్, హెచ్‌పీవీ రెండూ కలిపి చేయడం ఇంకా చాలాచోట్ల ఉంది. కాబట్టి ‘పాప్ చాలదు, హెచ్‌పీవీ నెగెటివ్’ లాంటి ఫలితాలు వస్తాయి. కణాలే సరిగా రాని నమూనాలో వైరస్ లేదన్న మాటను నమ్మలేరు, అందుకే దాన్నీ మళ్లీ చేయిస్తారు. అదే నమూనాలో 16 లేదా 18 రకం కనిపిస్తే మాత్రం ఆ జవాబు చెల్లుతుంది, నేరుగా కాల్పోస్కోపీకి పంపుతారు.

ఎంతకాలం ఆగవచ్చు?

3 నెలలు, ఏడాది, మూడేళ్లు అన్న గడువులు వింటే నిర్లక్ష్యంలా తోస్తుంది. వాటికి ఆధారం ఈ జబ్బు నడిచే తీరు. వైరస్ సోకినప్పటి నుంచి క్యాన్సర్ దాకా సాధారణంగా పదేళ్లకు పైనే పడుతుంది. న్యూజిలాండ్‌లోని ఆక్లండ్ నేషనల్ విమెన్స్ ఆసుపత్రిలో గత శతాబ్దం 60, 70 దశకాల్లో సీఐఎన్-3 ఉన్న మహిళల్లో కొందరికి తగిన చికిత్స ఇవ్వకుండా గమనిస్తూ వదిలేశారు. అది నైతికంగా ఘోరం, 1987లో న్యాయ విచారణ జరిగింది. ఆ రికార్డులను 2008లో విశ్లేషిస్తే, చికిత్స సరిగా అందనివారిలో 30 ఏళ్లలో 31 శాతం మందికి క్యాన్సర్ వచ్చినట్టు తేలింది. చికిత్స సరిగా అందినవారిలో అది 1 శాతం లోపే. అత్యంత తీవ్రమైన ముందు దశ కూడా అందరిలో క్యాన్సర్ కాదు, రాత్రికి రాత్రి అసలు కాదు. ఏఎస్‌సీ-యూఎస్ దానికి చాలా మెట్ల కింద ఉంది.

ఈ గడువులకు మినహాయింపులు ఉన్నాయి. కలయిక తర్వాత రక్తం, ముట్లుడిగాక రక్తం, నెలసరి మధ్యలో రక్తం, దుర్వాసనతో కూడిన రక్తపు స్రావం ఉంటే అది స్క్రీనింగ్ పరిధి దాటిన విషయం. రిపోర్టు ఏమన్నా, గడువు ఎంతున్నా వెంటనే చూపించుకోవాలి. హెచ్‌ఐవీ ఉన్నవారిలో మార్పులు వేగంగా సాగుతాయి కాబట్టి వారికి ప్రపంచ ఆరోగ్య సంస్థ 25 ఏళ్ల నుంచే, 3 నుంచి 5 ఏళ్లకోసారి పరీక్ష సూచిస్తోంది. మిగతావారికి 30 ఏళ్ల నుంచి 5-10 ఏళ్లకోసారి.

తొందరపాటుకు ఇక్కడి రూపం

అనుమానపు రిపోర్టుకు తెలుగు రాష్ట్రాల్లో ఎదురయ్యే ప్రత్యేక ప్రమాదం గర్భసంచి ఆపరేషన్. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేల్లో గర్భసంచి తీయించుకున్న 15-49 ఏళ్ల మహిళల వాటా దేశవ్యాప్తంగా 3 శాతం పైచిలుకు ఉంటే, ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో 8 శాతం అటూ ఇటూగా ఉంది. తెల్లబట్ట క్యాన్సర్‌గా మారుతుందన్న నమ్మకం, పిల్లలు పుట్టాక గర్భసంచితో పనేముందన్న ఆలోచన, చిన్న ఆసుపత్రుల ఆదాయ లెక్కలు దీని వెనుక ఉన్నాయి. ‘ఇన్‌ఫ్లమేటరీ’, ‘ఏఎస్‌సీ-యూఎస్’ లాంటి మాటలున్న కాగితం ఆ సలహాకు అనుకోకుండా బలమిస్తుంది.

వైద్యపరంగా ఇది తలకిందుల వరుస. అనుమానానికి కాల్పోస్కోపీ, అక్కడ మచ్చ కనిపిస్తే బయాప్సీ, బయాప్సీలో సీఐఎన్-2, సీఐఎన్-3 తేలితే ఆ భాగాన్ని మాత్రమే లీప్ పద్ధతిలో (విద్యుత్ తీగతో) తీయడమో, క్రయోథెరపీ (గడ్డకట్టించడం), థర్మల్ అబ్లేషన్ (వేడి)తో నిర్మూలించడమో చేస్తారు. ఇవి ఎక్కువగా అదే రోజు ఇంటికి పంపే చికిత్సలు. నిర్ధారణ లేకుండా గర్భసంచి తీసేస్తే ఇంకో ముప్పుంది. లోపల అప్పటికే క్యాన్సర్ ఉంటే మామూలు ఆపరేషన్ దానికి చాలదు, తర్వాతి చికిత్స మరింత కష్టమవుతుంది.

హెచ్‌పీవీ ముందుకొస్తే అనుమానాలు పోతాయా?

మహారాష్ట్రలోని ఉస్మానాబాద్ (ఇప్పుడు ధారాశివ్) జిల్లాలో 1.31 లక్షల మంది మహిళలతో జరిగి 2009లో వెలువడిన అధ్యయనంలో, జీవితంలో ఒక్కసారి చేసిన హెచ్‌పీవీ పరీక్ష ముఖద్వార క్యాన్సర్ మరణాలను దాదాపు సగానికి తగ్గించింది. పాప్, వీఐఏ గ్రూపుల్లో చెప్పుకోదగ్గ తగ్గుదల కనిపించలేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో హెచ్‌పీవీ పరీక్షనే మొదటి ఎంపికగా సూచించడానికి ఇలాంటి ఫలితాలే ఆధారం. మహిళ తానే నమూనా తీసుకునే వీలుండటం మరో ఆకర్షణ. స్పెక్యులమ్ అంటే భయపడి రానివారు దీనికి ఒప్పుకుంటారు.

అయినా అస్పష్టత పోదు, చోటు మారుతుంది. చాలా హెచ్‌పీవీ కిట్లలో మానవ కణాల జన్యువు ఒకటి దొరికిందో లేదో కూడా చూస్తారు. అది దొరక్కపోతే ‘ఇన్‌వ్యాలిడ్’ అని వస్తుంది: కణాలు రాలేదు, లేదా రక్తం లాంటిదేదో చర్యను అడ్డుకుంది. మళ్లీ నమూనా ఇవ్వాలి. ఆ తనిఖీ లేని కిట్లూ ఉన్నాయి. వాటిలో ఖాళీ నమూనా కూడా ‘నెగెటివ్’ గానే బయటికి వస్తుంది. ఇది ఎవరి కంటా పడని అస్పష్టత. ఇక స్వయంగా తీసుకున్న నమూనాలో పాజిటివ్ వస్తే దాంతో కణాలు చదవలేరు, ముఖద్వారం నుంచి నమూనా తీయడానికి ఆసుపత్రికి రావాల్సిందే. మొదటి మెట్టు ఇంటి దగ్గరికొచ్చినా రెండో మెట్టు జిల్లా ఆసుపత్రిలోనే ఉంటుంది.

ఆ రెండో మెట్టు దగ్గరే ఇక్కడి వ్యవస్థ బలహీనంగా ఉంది. ఇంగ్లండ్‌లో తేలని ఫలితం వస్తే రిజిస్టరులో గడువు పడుతుంది, పిలుపు దానంతటదే ఇంటికి వస్తుంది. ఇక్కడ ప్రైవేటు ల్యాబ్‌లో చేయించుకున్నవారిని ఎవరూ పిలవరు, క్యాంపులో చేయించుకున్నవారికి ఏఎన్ఎం, ఆశా కార్యకర్త గుర్తుచేస్తేనే. కాబట్టి ఫలితం చేతికొచ్చిన రోజే డాక్టర్‌తో మూడు విషయాలు కాగితం మీద రాయించుకోవడం ఉపయోగపడుతుంది: తేలనిది నమూనా వల్లా కణాల వల్లా, మళ్లీ రావాల్సిన నెల ఏది, అప్పుడు చేసేది అదే పరీక్షా వేరేదా. రెండో నమూనా నెలసరి మొదలైన 10 నుంచి 20 రోజుల మధ్య ఇవ్వాలి. ముందు రెండు రోజులు కలయిక, యోనిలో పెట్టే మాత్రలు, లోపల కడుక్కోవడం మానేయాలి. పాత రిపోర్టు వెంట తీసుకెళ్లాలి, వీలైతే పాత స్లైడు కూడా. మరో పాథాలజిస్టు అభిప్రాయం కావాలంటే ల్యాబ్‌ను అడిగి ఆ స్లైడు తీసుకోవచ్చు.